ఎఱ్ఱ తేనీరు – వెనిలా పరిమళము

(సాంస్కృతిక సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



తేనీటికిని వెనిలాకును గల పొత్తును బస్తరు సీమ ఆధారముగా వివరించుట ఈనాటి ప్రసంగోద్దేశము. ఈ మాట వినగానే కొందరికి నవ్వు రావచ్చును. వెనిలా అనగా పిల్లలకు ఐస్‌క్రీము. పెద్దలకు పుట్టినరోజు కేకు. గృహిణులకు పచారీ కొట్టులో దొరకు చిన్న సీసాలోని ఎసెన్సు. బస్తరు అనగా తలపునకు వచ్చునవి సాలవృక్షములు, దంతేశ్వరీ ఆలయము, చిత్రకోట జలపాతము, బైలాడిల్లా ఇనుప ఖనిజము. ఈ రెంటికిని పొంతన యేమని అడుగవచ్చును. పొంతన కలదు. దానికి మధ్యవర్తి పాలు కలుపని ఎఱ్ఱ తేనీరు.

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు గోదావరి దాటిపోయి అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ సంస్థాన చరిత్ర చెప్పుచున్నది. అచ్చటి ఇంద్రావతియు, శబరియు తుదకు వచ్చి కలియునది గోదావరిలోనే. 1960ల దశకమున తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుండి కిరండూలు వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గము వేసిన తరువాత విశాఖపట్టణమునకును బైలాడిల్లాకును నడుమ రాకపోకలు నిత్యకృత్యమైనవి. గనులను నడుపు జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో నున్నది. ఆ గనుల వలనను, రైల్వే, తపాలా మొదలైన శాఖల వలనను కిరండూలు, బచేలి, జగదల్‌పూరు పట్టణములలో తెలుగు కుటుంబములు కాపురము పెట్టినవి.

పట్టణములలో నున్నంతవరకు టీ విషయమున ఏ చిక్కును లేదు. హోటళ్లలో పాలు, పంచదార, అల్లము వేసి కాచిన టీ దొరకును. జనగణనకో, సర్వేకో, తపాలా తనిఖీకో లోపలి పల్లెలకు పోయినప్పుడు అతిథి చేతికి వచ్చునది వేరు. దానిని అచ్చటివారు లాల్ చాయ్ అందురు. అనగా ఎఱ్ఱ టీ. కట్టెల పొయ్యిపై నీరు మరిగించి, పిడికెడు టీ పొడి వేసి, చక్కెర కలిపి వడపోసి ఇత్తురు. పాలు ఉండవు. క్రొత్తగా వచ్చిన ఉద్యోగికి ఇది చిన్నతనముగా తోచును. ఇంటి ముందర నాలుగు ఆవులు కట్టియున్నవి, గ్లాసులో పాలచుక్క లేదు. లేమియే కారణమై యుండవలెను, లేకున్న వచ్చినవాని యెడ నిర్లక్ష్యమై యుండవలెను అని అతడు తలపోయును. రెండు గుక్కలు త్రాగి గ్లాసు ప్రక్కన పెట్టును. ఇచ్చిన ఇల్లాలు ఏమియు అనదు, కాని గ్రహించును. దొరగారికి తన ఇంటి టీ నచ్చలేదు. అటుపిమ్మట ఆయన అడిగిన ప్రశ్నలకు ఆమె ఇచ్చు సమాధానములు పొడిపొడిగా నుండును.

సగము విడిచిన ఆ గ్లాసే ఈ ప్రసంగమునకు మూలము. ఆ గ్లాసులో లోటు ఉన్నదా, లేక దానిని చూచు కంటిలో ఉన్నదా అనునదే విచారింపవలసిన అంశము.

ముందుగా పాల సంగతి. బస్తరులోని మారియా, మురియా మొదలగు గోండు తెగలవారు తరతరములుగా పశువులను పెంచినను పాలు పిదుకు వాడుక పెట్టుకొనలేదు. ఆవు పాలు దూడకు చెందినవి. దానిని ప్రక్కకు లాగి మనుష్యుడు త్రాగుట తగదు. ఇది వారి మర్యాద. వారి రోజువారీ పానీయము రాగి అంబలి. దానిని అచ్చట మండియా పేజ్ అందురు. పండుగలకు, పెండ్లిండ్లకు ఇప్పసారాయో, జీలుగు కల్లో ఉండును. ఇన్నింటిలో పాల ప్రసక్తి లేదు. గోండీ భాష తెలుగునకు దగ్గరి చుట్టము. ఆ భాషలో నీటిని ఏర్ అందురు, తెలుగువారి ఏరు అదే. పాలను పాల్ అనియే అందురు. అనగా మాట ఇరువురకు ఒక్కటే. ఆ వస్తువుపై హక్కు ఎవరిది అనునది మాత్రము వేరు. ఒకరి ఇంట అది మనుష్యులది, ఒకరి ఇంట అది దూడది. నేడు రోడ్లు పడిన ఊళ్లలో పాల పొట్లములు అమ్ముచున్నారు, వాడుకలు మారుచున్నవి. అయినను లోపలి పల్లెలలో ఎఱ్ఱ టీయే అతిథికిచ్చు టీ. గ్లాసులో పాలు లేకపోవుటకు కారణము పేదరికము కాదు, సంయమనము.

ఇక తెలుగు ఇంట టీలో పాలు తప్పనిసరి ఎట్లయ్యెను? ఇది అనాదిగా వచ్చిన ఆచారమని అనుకొనుట పొరపాటు. అస్సాము అడవులలో తేయాకు చెట్టు కలదని 1823లో సింగ్‌ఫో తెగ నాయకుని వలన రాబర్ట్ బ్రూస్ అను స్కాట్లండు దేశీయుడు తెలిసికొనెను. 1838లో అస్సాము తేయాకు మొదటిసారి లండనుకు పోయెను. మరుసటి యేట అస్సాము కంపెనీ ఏర్పడెను. తోటలు విస్తరించిన కొలది కూలీలు కావలసివచ్చిరి. ఛోటానాగపూరు నుండి, ఛత్తీస్‌గఢ్ మైదానముల నుండి, మధ్యపరగణాల గోండు సీమల నుండి, గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండి వేలకొలది కుటుంబములను దళారులు అచ్చటికి తరలించిరి. అస్సాము తేయాకు తోటలలో నేటికిని తెలుగు మాటాడు కుటుంబములు ఉండుటకు కారణమిదియే. ఆ రోజులలో ఆకు కోసిన చేతులు కొన్ని తెలుగు చేతులు, కొన్ని గోండు చేతులు. ఆ ఆకు ఓడలెక్కి పోయినది సీమకు. కోసినవారి సొంత ఊళ్లకు టీ ఇంకను రాలేదు.

అది వచ్చినది తరువాత, ప్రచారము వెంట. 1903లో తేయాకు ఎగుమతిపై సుంకము విధించి, ఆ ధనముతో టీని వ్యాప్తి చేయుటకు చట్టము వచ్చినది. ఆ ధనముతోనే కాలక్రమమున స్వదేశములోను ప్రచారము సాగినది. బండ్లపైనను, సంతలలోను, రైలు స్టేషన్లలోను టీ కాచి, ఉచితముగా త్రాగించి, కాచు విధానము నేర్పిరి. పాలు పాడియింటి గౌరవమునకు గుర్తైన ప్రాంతములలో ఆ పానీయము పాలతో చేరి నిలిచినది. 1930ల ఆరంభమున అస్సాములోని అమ్‌గూరీ తోటలో విలియం మెకర్చర్ అను నతడు ఆకును నలిపి, చీల్చి, చుట్టబెట్టు యంత్రమును కనిపెట్టెను. దాని నుండి వచ్చునది గుండ్రని పలుకుల టీ. సీటీసీ అను పేరుతో అంగళ్లలో అమ్ముదురు. తక్కువ పొడికి ఎక్కువ రంగు, ఎక్కువ ఘాటు ఇచ్చును. ఆ ఘాటును తగ్గించుటకు పాలు కావలెను. పాలు ధారాళముగా పోసినను రంగు నిలుచుటకు ఆ ఘాటు కావలెను. ఈ విధముగా యంత్రము, పాలు ఒకదాని నొకటి పట్టుకొని నడచినవి. కావున పాలు తేయాకు స్వభావములోనివి కావు. అవి చరిత్ర వలన చేరిన చుట్టములు.

పాలు చేరినప్పుడు లోపల జరుగుచున్నదేమి? తేయాకును కోసి, వాడబెట్టి, నలిపినప్పుడు ఆకులోని రసము ప్రాణవాయువుతో కలిసి ఎఱ్ఱబారును. వ్యవహారములో దీనిని పులియుట అందురుగాని, ఇడ్లీపిండి పులియుట వంటిది కాదు; ఇందు సూక్ష్మజీవుల పాత్ర లేదు. ఆకులోని ఎంజైముల పని ఇది. దాని ఫలముగా తేనీటికి ఎఱ్ఱని రంగు, ఒక విధమైన వగరు వచ్చును. ఆ వగరు నాలుకపై లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొని, నోరు బిగిసినట్లు చేయును. ఉసిరికాయ, కరక్కాయ, పచ్చి అరటికాయ తిన్నవారికి ఆ బిగింపు తెలియును. పాలు పోసినప్పుడు పాలలోని కేసీన్ అను మాంసకృత్తు ముందుగానే ఆ వగరును పట్టివేయును. నోటికి హాయి కలుగును. కాని ఆ కౌగిలిలో తేయాకు సొంత సువాసన కూడ కొంత అణగిపోవును. పాల టీ త్రాగువారు తేయాకు రుచికన్న పాలు, పంచదార, అల్లము, ఏలకుల రుచినే ఎక్కువగా ఎఱుగుదురు.

ఎఱ్ఱ టీ త్రాగువానికి ఆ అడ్డు లేదు. వగరు వగరుగానే తగులును. సువాసన సువాసనగానే అందును. ఆ వగరును మృదువు చేయుటకు పాలు తప్ప వేరు మార్గమున్నదా అనినప్పుడు వెనిలా ముందుకు వచ్చును.

వెనిలా ఒక తీగ; ఆర్కిడ్ కుటుంబమునకు చెందినది. దాని పుట్టిల్లు మెక్సికో. అచ్చటి టోటోనాక్ జాతివారు దానిని మొదట సాగు చేసిరి. ఐరోపావారు ఆ తీగను తీసికొనిపోయి తమ దేశములలోను, వలసరాజ్యములలోను నాటిరి. తీగ పెరిగినది, పూసినది. కాయ మాత్రము కాయలేదు. పువ్వులోని పుప్పొడికిని కీలాగ్రమునకును నడుమ ఒక చిన్న పొర అడ్డముగా నుండుటయే కారణము. 1836లో బెల్జియము దేశమున షార్ల్ మొరెన్ అను శాస్త్రజ్ఞుడు చేతితో పరాగసంపర్కము చేసి కాయలు కాయించెను గాని, ఆ పద్ధతి తోటలలో నిలువలేదు.

నిలిచిన పద్ధతిని చూపినవాడు పండ్రెండేండ్ల బానిస బాలుడు. హిందూ మహాసముద్రములోని రీయూనియన్ దీవిలో, 1841లో, ఎడ్మండ్ అను ఆ బాలుడు సన్నని పుల్లతో ఆ పొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని అద్ది చూపించెను. ఒక్క క్షణములో ముగియు పని. నేటికిని ప్రపంచములోని వెనిలా తోటలలో సాగుచున్నది ఆ పద్ధతియే. పువ్వు ఒక్క పూట మాత్రమే విచ్చియుండును. ఆ పూట చేయి పడనిచో రాలిపోవును. కావున ప్రతి కాయ వెనుకను ఒక మనుష్యుని వ్రేలు కలదు. ఎడ్మండ్ దీవికి సంపద తెచ్చిపెట్టెను. 1848లో బానిసత్వము రద్దయినప్పుడు అతనికి స్వేచ్ఛయు, ఆల్బియస్ అను ఇంటిపేరును లభించినవి. సంపదలో పాలు లభింపలేదు. 1880లో అతడు పేదవాడుగానే మరణించెను. అస్సాములో ఆకు కోసిన తెలుగు, గోండు కూలీల కథయు, రీయూనియనులో పువ్వును తాకిన ఎడ్మండ్ కథయు ఒక్క కప్పులో కలియుచున్నవి. పరిమళము ఊరూర తెలియును. చేతుల పేర్లు తెలియవు.

వెనిలా కాయకు మరియొక విశేషము కలదు. పువ్వును అద్దిన తొమ్మిది మాసములకు కాయ ముదురును. కోసినప్పుడు అది చిక్కుడుకాయ వలె పచ్చగా నుండును. దానికి వాసన ఉండదు. వేడినీటిలో కొద్దిసేపు ముంచి, కంబళ్లలో చుట్టి చెమటపట్టించి, ఎండలో ఆరబెట్టి, నీడలో మాగబెట్టి, ఇట్లు మాసముల తరబడి చేసిన తరువాత నల్లబడి సువాసన నిచ్చును. అయిదారు కిలోల పచ్చికాయలకు ఒక కిలో ఎండుకాయ వచ్చును. తేయాకు సంగతియు ఇట్టిదే. చెట్టుమీది ఆకును నలిపి వాసన చూచినవానికి టీ వాసన రాదు. బస్తరులోని ఇప్పపువ్వును చూడుడు. తెల్లవారుజామున రాలిన పూలను స్త్రీలును పిల్లలును బుట్టలలో ఏరుకొనివచ్చి ఎండబెట్టుదురు. ఎండిన కొలది దానికి రంగు, చిక్కదనము, ఎండుద్రాక్షను తలపించు తీపి వచ్చును. ఈ మూడింటికిని చెట్టు ఇచ్చినది సగము. మిగిలిన సగము మనుష్యుల ఓర్పు ఇచ్చినది. బస్తరు ఇల్లాలికి ఈ విద్యను ఎవరును నేర్పనక్కరలేదు.

ఇప్పుడు వెనిలా సువాసనకు మూలమైన పదార్థమును చూతము. దానిని వెనిలిన్ అందురు. 1858లో గోబ్లే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని కాయ నుండి వేరుచేసెను. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అను ఇరువురు దేవదారు జాతి చెట్ల రసములోని పదార్థము నుండి అదే వెనిలిన్‌ను తయారుచేసిరి. తరువాత లవంగనూనె నుండి చేసిరి. 1930ల దశకము నుండి కాగితపు మిల్లులు పారబోయు నల్లని ద్రవము నుండియు చేసిరి. నేడు అత్యధిక భాగము గ్వయకోల్ అను రసాయనము నుండి వచ్చుచున్నది. ప్రపంచములో వాడు వెనిలా రుచిలో కాయ నుండి వచ్చునది నూటికి ఒక వంతు కూడ లేదు. పచారీ కొట్టు సీసాలోనిది సాధారణముగా కృత్రిమమే. దానివలన ప్రమాదమేమియు లేదు. కాని కాయలో వెనిలిన్‌తోపాటు ఇంకను అనేక సువాసన ద్రవ్యములు స్వల్పముగా నుండును. సీసాలోనిది ఒంటరి వీణ, కాయలోనిది మేళము.

కాగితపు మిల్లు ద్రవములో వెనిలా ఎట్లు వచ్చెను? కఱ్ఱకు గట్టిదన మిచ్చునది లిగ్నిన్ అను పదార్థము. అది విడిపోయినప్పుడు వెనిలిన్, దాని దాయాదులు పుట్టును. పాత పుస్తకముల కాగితములోని లిగ్నిన్ ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా విడిపోవుచుండును. పాత గ్రంథాలయములలో ముక్కునకు తగులు ఆ తియ్యని వాసనలో వెనిలిన్ కూడ కొంత కలదు. కార్యాలయముల రికార్డు గదులలో జీవితము గడుపు సోదరులు ఇకమీదట ఆ వాసనను నిందింపక, ఉచితముగా లభించు వెనిలాగా భావించి సంతోషింపవచ్చును.

కఱ్ఱను కాల్చినప్పుడును లిగ్నిన్ విడిపోవును. కట్టెల పొగకు ఆ పొగవాసన నిచ్చువానిలో ముఖ్యమైనది గ్వయకోల్. ఏ రసాయనము నుండి కర్మాగారములు నేడు వెనిలిన్ చేయుచున్నవో అదియే. పొగలో వెనిలిన్ సైతము స్వల్పముగా నుండును. చైనాలోని ఫూజియాన్ రాష్ట్రమున ఉయీ కొండలలో దేవదారు జాతి కట్టెల పొగపై ఆరబెట్టిన నల్ల తేయాకును లాప్సాంగ్ సూచాంగ్ అను పేర ఎక్కువ ధరకు అమ్ముదురు. ఐరోపా ధనికులు దానిని పాలు లేకుండ త్రాగుదురు. బస్తరు పల్లెలో అడవికట్టెల పొయ్యిపై, మూతలేని గిన్నెలో మరిగిన ఎఱ్ఱ టీకి కొంచెము పొగవాసన తగులును. పట్టణమువాడు దానిని చూచి ముఖము చిట్లించును. ఆ పొగయు, సీసాలోని వెనిలాయు ఒకే కొమ్మకు పూచిన పూవులని అతడు ఎఱుగడు. రెండును కఱ్ఱలోని ఒక్క పదార్థముతో చుట్టరికము గలవి. కావున ఎఱ్ఱ తేనీటికి వెనిలాను పరిచయము చేయుట బస్తరునకు విదేశీ వింతను తెచ్చుట కాదు. ఆ గ్లాసులో అణువుగా నున్నదానిని స్పష్టపరచుటయే.

ఈ పొత్తు ఎందుకు పొసగును? వెనిలిన్‌కు వాసన కలదు, రుచిగా తీపి లేదు. కాని మనుష్యుని మెదడు వెనిలా వాసనను తీపితో జతచేసి గుర్తుంచుకొనును. అందువలన వెనిలా తగిలిన పానీయము అదే చక్కెరకు మరింత తియ్యగా తోచును; ఆ తీపి తలపు వగరు పదునును మెత్తబరచును. పాలు వగరును పట్టి దాచివేయును. వెనిలా వగరును దాచదు. దాని ప్రక్కన కూర్చుండి మాటాడించును. పాలలో వెనిలా వేసినచో ఫలితము తక్కువ. వగరును పట్టిన మాంసకృత్తులే వెనిలిన్‌ను కూడ కొంత పట్టుకొనును; పాల కొవ్వును తన వంతు తీసికొనును. పాల టీలో రెండింతలు పోసినను రాని సువాసన, ఎఱ్ఱ టీలో రెండు చుక్కలకే వచ్చును. అనగా ఈ విలువైన పరిమళమునకు తగిన పాత్ర బస్తరు గ్లాసు.

ఇండ్లలో చేసి చూడదలచిన సోదరీమణులకు విధానమిది. సీటీసీ పలుకుల కన్న పొడవు ఆకు టీ శ్రేష్ఠము. రెండు కప్పుల నీటిలో అంగుళము పొడవు వెనిలా కాయను నిలువున చీల్చి వేసి, మూతపెట్టి సన్నని సెగపై అయిదు నిముషములు ఉంచవలెను. తరువాత దించి, రెండు చిన్న చెంచాల ఆకు వేసి, మరల మూతపెట్టి నాలుగు నిముషములు ఆగి వడపోయవలెను. ఆకును పొయ్యిపై మరిగించినచో వగరు మితిమీరును. తీపికి పంచదార కన్న కొంచెము బెల్లము బాగుగా నప్పును. కాయ దొరకనిచో వడపోసిన తరువాత ఎసెన్సు ఒకటి రెండు చుక్కలు చాలును. మరుగునప్పుడు వేసినచో వాసన ఆవిరితో పోవును. మరియొక పొదుపు మార్గము కలదు. వాడిన కాయను పారవేయక, కడిగి ఆరబెట్టి టీ డబ్బాలో పెట్టినచో రెండు వారములలో ఆకునకు ఆ పరిమళము పట్టును. కుంకుమపువ్వు తరువాత అంతటి ఖరీదైన సుగంధద్రవ్యము కనుక గుమాస్తా జీతమునకు ఈ ఉపాయము అవసరమే.

వెనిలా ఇంతటి విలువైనదైనచో బస్తరులోనే పండించి అచ్చటివారిని ధనవంతులను చేయరాదా అని ఉత్సాహవంతులు అడుగవచ్చును. 2000 సంవత్సరమున పెనుతుఫాను మడగాస్కరు తోటలను దెబ్బతీసినప్పుడు ప్రపంచ విపణిలో వెనిలా ధర ఆకాశమునంటెను. కేరళలోను, కర్ణాటకలోను రైతులు కాఫీ, పోకచెట్ల నడుమ ఆ తీగను విస్తారముగా నాటిరి. తీగ కాపునకు వచ్చులోపల, 2004 తరువాత ధర పాతాళమునకు దిగెను. ఎందరో తీగలను పెరికివేసిరి. మడగాస్కరులో గాలి వీచిన, వయనాడులో ఇల్లు కదలినది. దూరపు మార్కెట్టును నమ్ముకొను పంటకు ఇది స్వభావము. బస్తరు ఎండలు వేరు, వానల తీరు వేరు. దర్భా కొండలలో ఇటీవలి సంవత్సరములలో కాఫీ నాటుచున్నారు. రాష్ట్రమునకు ఉత్తరపు కొసన జష్పూరులో తేయాకు తోట కలదు. అవి వృద్ధిపొందవలెనని కోరుకొనవచ్చును. కాని సార పప్పును తూకమునకు తూకము ఉప్పుకిచ్చి మోసపోయిన కథ పెద్దలు చెప్పుకొను ఆ సీమకు, క్రొత్త పంటను తీసికొనిపోవువారు దాని ధరను నిర్ణయించువారెవరో ముందుగా చెప్పవలెను. ఎడ్మండ్ కథ మరల జరుగరాదు.

సభికులారా, ఈ చర్చ వలన తేలిన విషయము చిన్నది. పాలు లేని తేనీరు కొరతపడిన తేనీరు కాదు. వెనిలా వంటి సుకుమారమైన పరిమళమునకు చోటిచ్చునది ఆ తేనీరే. బస్తరు గృహములలో అది నిలిచియుండుటకు కారణము దూడ హక్కును తలచు ఒక మర్యాద. ఆ మర్యాదను పాటింపుమని తెలుగు కుటుంబములకు ఎవరును చెప్పుట లేదు. పాడిని గౌరవించు తెలుగు ఇంటి ఆచారము తెలుగు ఇంటిది. గుర్తించుట మాత్రము తప్పనిసరి. ప్రభుత్వోద్యోగి పల్లెకు పోయినప్పుడు అతని చేతిలోని ఫారములో ఆ ఇంటి పశువుల సంఖ్యకు ఒక గడి ఉండవచ్చును. ఆ పశువుల పాలను ఆ ఇల్లు ఎందుకు ముట్టదో వ్రాయుటకు గడి ఉండదు. ఆ సంగతి తెలియునది గ్లాసు చేతికి వచ్చినప్పుడే.

కావున బస్తరు సీమకు బదిలీపై పోవు సోదరులకు ఒక్క మనవి. సామానులో వెనిలా కాయ ఉన్నను లేకున్నను ఇబ్బంది లేదు. ఎఱ్ఱ తేనీరు ఇచ్చినప్పుడు పాల కొఱకు చుట్టును చూడక, ఆవిరిలోని పొగవాసనను ఒక్కసారి ఆఘ్రాణించి, గుక్కగుక్కగా త్రాగి, ఖాళీ గ్లాసును తిరిగి ఆ ఇల్లాలి చేతికి ఇయ్యవలెను. ఫారములోని ప్రశ్నలు తరువాత అడుగవచ్చును.

స్వస్తి.